ఇంగ్లీషు నటి జీవితం తెలుగులో రాయాలంటే: మ్యాగీ స్మిత్‌ను ముందు పెట్టుకుని

మ్యాగీ స్మిత్ అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేది హ్యారీ పోటర్ సినిమాల్లో కోసు టోపీ పెట్టుకున్న మెక్‌గొనగల్ టీచరమ్మ. ఆమె గురించి రాయడానికి కూర్చున్నవాళ్లు కూడా అక్కడే మొదలుపెడతారు. ఆ వరుసలో తొలి సినిమా వచ్చిన 2001 నాటికి ఆమెకు 66 ఏళ్లు. రంగస్థలం ఎక్కి 49 ఏళ్లయింది, రెండు ఆస్కార్లు ఎప్పుడో వచ్చేశాయి. మనకు తెలిసిన పాత్ర దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిస్తే, ఆమె అసలు పని చేసిన నలభై ఏళ్లూ ‘అంతకుముందు కొన్ని నాటకాల్లో నటించారు’ అన్న ఒక్క ముక్కలో తేలిపోతాయి. ఇంగ్లండు నటి జీవితం రాసేటప్పుడు జరిగే పెద్ద తప్పు ఇదే. అక్కడ చాలామందికి నాటకమే పుట్టిల్లు. సినిమా, టీవీ తర్వాత వచ్చి చేరినవి.

కడప కాలేజీ గోడపత్రికకైనా, అనంతపురం నుంచి వచ్చే చిన్న పత్రికకైనా, తెలుగు వికీపీడియాకైనా పద్ధతి ఒకటే. మ్యాగీ స్మిత్‌ను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. ఈ పనిలో పడగల గుంతలన్నీ ఆమె జీవితంలో ఉన్నాయి.

ముందు పట్టిక, తర్వాతే వ్యాసం

ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని, ఎదురెదురు పేజీలు రెండూ కలిపి ఆరు గడులు గీయండి: సంవత్సరం, వయసు, నాటకం, సినిమా, టీవీ, రేడియో. పెన్సిల్‌తోనే రాయండి, చాలా చెరపాల్సి వస్తుంది. ఒక విషయం రెండు చోట్ల కనిపిస్తేనే దాని పక్కన టిక్కు పెట్టండి. ఆ రెండూ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవి కాకూడదు. ఒకే వాక్యం, ఒకే తప్పు రెండు సైట్లలోనూ ఉంటే అవి రెండు ఆధారాలు కావు, ఒక్కటే.

రేడియో గడి ఎందుకని వదిలెయ్యకండి. ‘ది లేడీ ఇన్ ద వ్యాన్’లోని ముసలమ్మ పాత్రను మ్యాగీ స్మిత్ 1999లో నాటకంలో, 2009లో రేడియోలో, 2015లో సినిమాలో వేశారు. పట్టిక లేకపోతే ఈ మూడూ కలగాపులగమై, 1999లోనే సినిమా వచ్చిందని రాసేస్తారు.

దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. ‘ది ప్రైమ్ ఆఫ్ మిస్ జీన్ బ్రోడీ’ సినిమాలో టీచరు పాత్రకు ఆమెకు ఆస్కార్ వచ్చింది కాబట్టి, అంతకుముందు లండన్‌లో ఆడిన నాటకంలోనూ ఆమే వేసి ఉంటారని ఊహిస్తారు. 1966లో లండన్ రంగస్థలం మీద ఆ పాత్ర వేసింది వనెస్సా రెడ్‌గ్రేవ్. ఊహతో గడి నింపకండి. ఖాళీగా ఉన్నా నష్టం లేదు.

వయసు గడి దగ్గర ఒక చిక్కు. ఆమె పుట్టింది 1934 డిసెంబరు 28న. అంటే ఏడాదిలో చివరి నాలుగు రోజులు తప్ప ఎప్పుడు చూసినా, సంవత్సరంలోంచి సంవత్సరం తీసేస్తే ఒకటి ఎక్కువ వస్తుంది. ఆమె 2024 సెప్టెంబరు 27న లండన్‌లో కన్నుమూశారు. తీసివేత చేస్తే 90, నిజానికి 89. ప్రతి వయసునూ పుట్టినరోజుతో సరిచూడండి.

పట్టిక నిండాక రెండు పేజీలనూ కాస్త దూరం నుంచి చూడండి. 1950లు, 60లలో నాటకం గడి కిక్కిరిసి ఉంటుంది. 1976 నుంచి 1980 దాకా మళ్లీ నాటకాలే, అయితే కెనడాలో. 1980ల నడుమ నుంచి సినిమా గడి బరువెక్కుతుంది. 2010 తర్వాత టీవీ. వ్యాసానికి ఆకారం ఇక్కడే దొరుకుతుంది. పట్టికలోని పనులన్నీ వ్యాసంలోకి తేవద్దు. 12, మహా అయితే 15 ఎంచుకోండి. మిగతావి ఎంత పేరున్నవైనా పట్టికలోనే ఉండనీయండి.

పుట్టిన ఊరు, పెట్టిన పేరు

ఆమె పుట్టింది ఇల్ఫర్డ్‌లో. అప్పుడది ఎసెక్స్ కౌంటీలోది, 1965 నుంచి గ్రేటర్ లండన్‌లో కలిసింది. ఒక ఆధారంలో ఎసెక్స్ అని, ఇంకోదాంట్లో లండన్ అని ఉంటే రెండూ తప్పు కాదు. ‘అప్పటి ఎసెక్స్ కౌంటీలోని ఇల్ఫర్డ్, ఇప్పుడది లండన్‌లో భాగం’ అని రాస్తే చాలు. ఈ సంగతి మన పాఠకులకు విప్పి చెప్పనక్కర్లేదు. బళ్లారి రాఘవ 1880లో తాడిపత్రిలో పుట్టినప్పుడు అనంతపురం జిల్లాయే లేదు, అది బళ్లారి నుంచి విడిపోయింది 1882లో. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక నంద్యాలలో పుట్టినవాళ్లందరికీ ఇదే లెక్క.

తల్లిదండ్రులు పెట్టిన పేరు మార్గరెట్ నటాలీ స్మిత్. మార్గరెట్ స్మిత్ పేరుతో రంగస్థలంలో అప్పటికే మరొకరు ఉండటంతో మ్యాగీ అయ్యారు. శీర్షికలో ప్రసిద్ధమైన పేరు, మొదటి పేరాలో ఒక్కసారి అసలు పేరు ఇస్తే సరి. ప్రొద్దుటూరులో పుట్టిన వెల్లాల సుబ్బమ్మను మనం శాంతకుమారి అనే తలుచుకుంటాం కదా.

రెండోసారి ప్రస్తావించేటప్పుడు ఇంగ్లీషు వ్యాసాల్లో ఉత్త ‘స్మిత్’ అంటారు. తెలుగులో అలా రాస్తే ఎవరో మగమనిషి అనిపిస్తుంది. ‘మ్యాగీ స్మిత్’ అనండి, లేదా ‘ఆమె’ అనండి. ‘పుట్టారు, నటించారు’ అని గౌరవంగా మొదలుపెడితే చివరిదాకా అదే ఉండాలి. మధ్యలో ‘నటించింది’ అని జారితే చదివేవారికి పంటికింద రాయి తగిలినట్టుంటుంది.

పేరు విషయంలో మరో జాగ్రత్త. అమెరికాలో మ్యాగీ స్మిత్ అనే కవయిత్రి ఉన్నారు. వెతికేటప్పుడు ఆమె వివరాలూ వచ్చి కలుస్తాయి. జూడీ డెంచ్‌తో పొరపాటు ఇంకా సులువు. ఆమె 1934 డిసెంబరు 9న యార్క్‌లో పుట్టారు, ఇద్దరికీ 19 రోజులే తేడా. ఇద్దరూ ‘ఎ రూమ్ విత్ ఎ వ్యూ’లోనూ, రాజస్థాన్‌లో తీసిన ‘ది బెస్ట్ ఎగ్జాటిక్ మారిగోల్డ్ హోటల్’లోనూ కలిసి నటించారు. జేమ్స్ బాండ్ సినిమాల్లో ‘ఎం’ పాత్ర జూడీ డెంచ్‌ది. అది మ్యాగీ స్మిత్ పట్టికలోకి వచ్చిందంటే ఎక్కడో దారి తప్పారన్నమాట.

నాటకాల భాష: ఎక్కువ తప్పులు ఇక్కడే

ఇంగ్లీషులో ‘థియేటర్’ అంటే నాటకరంగం. మనకు థియేటర్ అంటే సినిమా హాలు. ‘ఆమె 20 ఏళ్లు థియేటర్‌లో పనిచేశారు’ అని రాస్తే, టికెట్లు చింపారేమో అనుకునే ప్రమాదం ఉంది. నాటకరంగం, రంగస్థలం అనండి. భవనం పేరులో ఉంటేనే థియేటర్ అని వాడండి.

‘రెపర్టరీ’ అనే మాట తప్పకుండా ఎదురవుతుంది. ఇంగ్లండులో ఒక ఊళ్లో స్థిరంగా ఉండే నాటక బృందం ఒకటి రెండు వారాలకో కొత్త నాటకం ఆడేది. రాత్రి ఒక నాటకం వేస్తూ, పగలు రాబోయే నాటకానికి రిహార్సల్ చేసేవారు. ఈ వారం రాణి వేషం వేసిన నటి వచ్చే వారం పనిమనిషి అయ్యేది. ఇరవై ఏళ్లు నిండకముందే పదుల కొద్దీ పాత్రలు ఒంటపట్టేవి. ఇది మన పాఠకులకు చెప్పడానికి సురభిని మించిన పోలిక లేదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ‘కీచక వధ’తో మొదలైన ఆ కుటుంబ సమాజాల్లోనూ ఒకే బృందం అనేక నాటకాలను మార్చి మార్చి ఆడింది, ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. తేడా కూడా చెప్పండి: సురభివాళ్లు ఊరూరా తిరిగే కుటుంబం, రెపర్టరీ ఒక ఊళ్లో ఉండే ఉద్యోగుల జట్టు. పోలిక మొదటి వాక్యానికే. మూడు పేరాలు సాగదీస్తే వ్యాసం చెయ్యి దాటిపోతుంది.

మ్యాగీ స్మిత్ కుటుంబం ఆమె నాలుగేళ్ల వయసులో ఆక్స్‌ఫర్డ్‌కు మారింది. అక్కడి ప్లేహౌస్‌లో నాటక శిక్షణ తీసుకున్నారు. 1952లో విశ్వవిద్యాలయ నాటక సంఘం ప్రదర్శించిన ‘ట్వెల్ఫ్త్ నైట్’లో వయోలా పాత్ర వేశారు. అప్పటికి 17 ఏళ్లు. ఇది చదివి ‘ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదివారు’ అని రాయడం పరిపాటి. అది తప్పు. ఆమె ఆ ఊళ్లో పెరిగారు, ఆ సంఘం నాటకంలో వేశారు, అంతే. కర్నూలు మెడికల్ కాలేజీ ఎదురింట్లో ఉన్నంత మాత్రాన డాక్టరు చదివినట్టు కాదు.

‘నేషనల్ థియేటర్’ అన్నది ముందు ఒక బృందం, తర్వాతే భవనం. ప్రసిద్ధ నటుడు లారెన్స్ ఒలివియే నాయకత్వంలో 1963లో మొదలైనప్పుడు దానికి సొంత ఇల్లు లేదు, ఓల్డ్ విక్ అనే పాత నాటకశాలలో ఆడేవారు. థేమ్స్ ఒడ్డున సొంత భవనం తెరుచుకున్నది 1976లో. కాబట్టి 1964లో ఒలివియే ఒథెల్లోగా, మ్యాగీ స్మిత్ డెస్డిమోనాగా వేసిన ప్రదర్శన జరిగింది ఓల్డ్ విక్‌లో. ఇప్పటి భవనం ఫొటో పక్కన పెట్టి ‘ఇక్కడే’ అని రాయకండి.

స్ట్రాట్‌ఫర్డ్‌లు కూడా రెండు. షేక్‌స్పియర్ పుట్టిన స్ట్రాట్‌ఫర్డ్ ఇంగ్లండులో ఉంది. మ్యాగీ స్మిత్ 1976 నుంచి 1980 దాకా క్లియోపాత్రా, రోజలిండ్, లేడీ మెక్‌బెత్ లాంటి పెద్ద వేషాలు వేసింది కెనడాలో, ఆంటారియో రాష్ట్రంలోని స్ట్రాట్‌ఫర్డ్‌లో. ఆ ఏళ్లకు వ్యాసంలో కనీసం ఒక పేరా ఇవ్వండి. లండన్‌ను వదిలి అంత దూరం వెళ్లి, పేరు మోసిన సినిమా నటి మళ్లీ షేక్‌స్పియర్ నాటకాలతో కుస్తీ పట్టడం చిన్న సంగతి కాదు. ఆమె జీవితంలో మాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే ఘట్టం ఇదే. చాలా వ్యాసాలు దీన్ని దాటేసి పోతాయి.

వెస్ట్ ఎండ్ అంటే లండన్‌లో వాణిజ్య నాటకశాలలున్న ప్రాంతం, బ్రాడ్‌వే అంటే న్యూయార్క్‌లో అలాంటిదే. ఒకే నాటకం రెండు చోట్లా ఆడితే రెండు సంవత్సరాలూ ఇవ్వాలి. పీటర్ షాఫర్ ఆమె కోసమే రాసిన ‘లెటిస్ అండ్ లవేజ్’ 1987లో లండన్‌లో, 1990లో బ్రాడ్‌వేలో ఆడింది. అక్కడి నాటకాలకు ఇచ్చే టోనీ అవార్డు వచ్చింది 1990లో, బ్రాడ్‌వే ప్రదర్శనకు.

మరికొన్ని మాటలు. ‘లీడ్’ అంటే ముఖ్యపాత్ర, హీరోయిన్ అనకండి. 84 ఏళ్ల వయసులో 2019లో లండన్ బ్రిడ్జ్ థియేటర్‌లో ఆమె ఒక్కరే కూర్చుని, హిట్లర్ మంత్రి గోబెల్స్ దగ్గర పనిచేసిన సెక్రటరీ బ్రున్‌హిల్డ్ పోమ్సెల్‌గా మాట్లాడిన ‘ఎ జర్మన్ లైఫ్’ను ఏ హీరోయిన్ లెక్కలో వేస్తాం? ‘సపోర్టింగ్’కు సహాయ నటి బాగా అలవాటైన మాటే. ‘క్యారెక్టర్ యాక్ట్రెస్’ను అనువదించి పాడుచేయకండి, క్యారెక్టర్ ఆర్టిస్టు అంటే మనవాళ్లకు చక్కగా తెలుసు. బ్రిటిష్ టీవీలో ‘సిరీస్’ అంటే అమెరికావాళ్ల ‘సీజన్’. ‘డౌన్‌టన్ ఆబీ ఆరు సిరీస్‌లు’ అని చూసి ఆరు వేర్వేరు సీరియళ్లనుకోవద్దు. 2010 నుంచి 2015 దాకా ఆరు భాగాలుగా వచ్చిన ఒకే సీరియల్ అది.

అవార్డుల్లో ఏ సంవత్సరం రాయాలి

సినిమా వచ్చేది ఒక ఏడాది, ఆస్కార్ ఇచ్చేది మరుసటి ఏడాది. ‘మిస్ జీన్ బ్రోడీ’ 1969 సినిమా, ఉత్తమ నటి ఆస్కార్ ఇచ్చింది 1970 ఏప్రిల్‌లో. ‘కాలిఫోర్నియా సూట్’ 1978 సినిమా, సహాయ నటి ఆస్కార్ 1979 ఏప్రిల్‌లో. ఒక ఆధారం మొదటి సంవత్సరం, ఇంకో ఆధారం రెండో సంవత్సరం చెబుతాయి. రెండూ ఇలా కలిపి రాయండి: ‘1969 నాటి సినిమాకు 1970లో’. అప్పుడు ఎవరూ తప్పు పట్టలేరు.

‘ఒథెల్లో’ ఒక్క పాత్రకే మూడు సంవత్సరాలున్నాయి: 1964లో నాటకం, 1965లో దాన్నే సినిమాగా తీయడం, 1966 వేడుకకు ఆస్కార్ నామినేషన్. నామినేషన్ అంటే గెలుపు కాదు. ఆమెకు మొత్తం ఆరు ఆస్కార్ నామినేషన్లు, గెలిచినవి రెండు. ‘ఆరు ఆస్కార్ల విజేత’ అన్న శీర్షిక పొరపాటున అచ్చయితే వెనక్కి తీసుకోవడం కష్టం.

టీవీకి ఇచ్చే ఎమ్మీలు నాలుగు. 2003లో ‘మై హౌస్ ఇన్ అంబ్రియా’కు, తర్వాత డౌన్‌టన్ ఆబీకి 2011, 2012, 2016లో. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. 2011లో డౌన్‌టన్ ఆబీని మినీ సిరీస్ విభాగంలో లెక్కగట్టారు, మరుసటి ఏడాది నుంచి డ్రామా సిరీస్‌గా. ‘అదే అవార్డు మూడుసార్లు’ అని రాస్తే తప్పవుతుంది. ‘సహాయ నటిగా మూడు ఎమ్మీలు’ అంటే సరిపోతుంది.

బాఫ్టా అంటే బ్రిటిష్ సినిమా, టీవీ అకాడమీ. పోటీలో గెలిచిన ఐదు బాఫ్టాలూ సినిమాలకే: నాలుగు ఉత్తమ నటిగా, ఒకటి సహాయ నటిగా. పోటీ లేకుండా ఇచ్చిన గౌరవ పురస్కారాలను ఈ ఐదుతో కలిపి కూడకండి. రెండూ కలిపేయడం వల్లే ఒక్కో చోట ఒక్కో అంకె కనిపిస్తుంది.

డేమ్ అంటే

మగవాళ్లకు సర్ ఎలాగో ఆడవాళ్లకు డేమ్ అలాగ. మ్యాగీ స్మిత్‌కు 1990లో వచ్చింది. బిరుదు మొదటి పేరుకు తగులుతుంది: డేమ్ మ్యాగీ, లేదా డేమ్ మ్యాగీ స్మిత్. డేమ్ స్మిత్ అనకూడదు. 1964 నాటి సంగతి చెబుతూ ‘డేమ్ మ్యాగీ స్మిత్ డెస్డిమోనాగా వేశారు’ అనడమూ కుదరదు, అప్పటికి ఆ బిరుదు లేదు. ఒలివియే 1947 నుంచి సర్, 1970లో లార్డ్ అయ్యారు. 1964లో ఆయన సర్ లారెన్స్. 1970లో ఆమెకు వచ్చిన సీబీఈ, 2014లో వచ్చిన కంపానియన్ ఆఫ్ ఆనర్ వేర్వేరు గౌరవాలు, ఒక్కోదానికి ఒక్కో ముక్క చాలు.

డౌన్‌టన్ ఆబీలో ఆమె పాత్ర వయొలెట్ క్రాలీ ‘డవేజర్ కౌంటెస్’. భర్త పోయి, ఆ హోదా కొడుక్కి వచ్చాక తల్లికి మిగిలే బిరుదు అది. ‘పెద్ద దొరసాని’ అని ఒకసారి వివరించి, ఆ తర్వాత వయొలెట్ అంటూ పోవచ్చు.

ఇంటి సంగతులు

ఇక్కడ ఎక్కువసేపు నిలబడొద్దు. 1967లో నటుడు రాబర్ట్ స్టీవెన్స్‌తో పెళ్లి, 1975లో విడాకులు. అదే ఏడాది నాటక రచయిత బెవర్లీ క్రాస్‌తో పెళ్లి, 1998లో ఆయన మరణం. కొడుకులు క్రిస్ లార్కిన్, టోబీ స్టీవెన్స్, ఇద్దరూ నటులే. ఇంటిపేర్లు వేరని ఒకరిని సవతి కొడుకు చేయకండి. ఇద్దరూ స్టీవెన్స్ కొడుకులే, లార్కిన్ అన్నది నటన కోసం పెట్టుకున్న పేరు. ఆరో హ్యారీ పోటర్ సినిమా నాటికి ఆమె రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటున్నారు. ఆ మాట ఆమే బయట చెప్పారు కాబట్టి రాయవచ్చు. తమ నోటితో చెప్పని జబ్బుల్ని ఎవరి జీవితకథలోనూ ఊహించి రాయకూడదు.

హ్యారీ పోటర్ మాట వచ్చింది కాబట్టి: సినిమాలు ఎనిమిది, ఆమె నటించినవి ఏడు. 2010లో వచ్చిన ‘డెత్లీ హ్యాలోస్’ మొదటి భాగంలో ఆమె లేరు.

పలుకుబడి, వాక్యం

పేర్లను అక్షరాలు చూసి కాదు, విని రాయాలి. ఎడిన్‌బర్గ్ కాదు ఎడిన్‌బరా, గ్రీన్‌విచ్ కాదు గ్రెనిచ్, థేమ్స్‌ను టెమ్జ్ అంటారు. అయితే థేమ్స్ మన పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది, దాన్ని అలాగే ఉంచండి. ఒక పేరును ఒకసారి ఎలా రాశారో చివరిదాకా అలాగే రాయాలి. నోట్‌బుక్ చివరి పేజీలో పేర్ల జాబితా పెట్టుకుంటే తికమక ఉండదు.

‘ఆమె గొప్ప నటిగా పరిగణించబడుతున్నారు’ లాంటి వాక్యాలు వస్తే కొట్టేయండి. ఎవరు పరిగణించారు, ఏం చూసి? ఆ చోట పని చూపించండి: ‘కాలిఫోర్నియా సూట్‌లో ఆమె వేసింది ఆస్కార్ కోసం వచ్చి ఓడిపోయిన ఇంగ్లీషు నటి వేషం. ఆ ఓడిపోయిన నటి వేషానికే ఆమె ఆస్కార్ గెలిచారు.’ పొగడ్త ఒక్కటీ లేదు, అయినా గొప్పతనం తెలిసిపోతుంది.

1200 మాటల వ్యాసమైతే బాల్యానికి 100 దాటనీయకండి. ఆక్స్‌ఫర్డ్, రెపర్టరీకి 200. నేషనల్ థియేటర్ నుంచి తొలి ఆస్కార్ దాకా 300. కెనడా, లెటిస్‌కు 200. సినిమాలకు 200, హ్యారీ పోటర్, డౌన్‌టన్‌కు కలిపి 150. మిగిలిన 50 చివరి నాటకానికి. అందరికీ తెలిసినదానికి తక్కువ చోటు, తెలియనిదానికి ఎక్కువ. కనీసం మూడు సినిమాలు మొదటి నుంచి చివరిదాకా చూడకుండా నటన గురించి ఒక్క విశేషణం కూడా వాడకండి.

అచ్చుకు ఇచ్చే ముందు

సినిమా స్టిల్స్, పోస్టర్లు నిర్మాణ సంస్థల సొత్తు. వికీమీడియా కామన్స్‌లో స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్న ఫొటో తీసుకుని, తీసినవారి పేరు, లైసెన్సు పేరు ఫొటో కిందే వేయండి.

డీటీపీ దగ్గర ఒక చిక్కు తప్పదు. మీరు ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేసిన వ్యాసాన్ని ప్రెస్సులో అను ఫాంట్లలోకి మారుస్తారు. అప్పుడు పొల్లు అక్షరాల దగ్గర కనిపించకుండా ఉండే విడదీత గుర్తు పోతుంది. ‘డౌన్‌టన్’ కాస్తా ‘డౌన్టన్’ అవుతుంది, ‘ఎడిన్‌బరా’ ‘ఎడిన్బరా’ అవుతుంది. పేర్ల జాబితాను ప్రూఫు పక్కన పెట్టుకుని ఒక్కో పేరూ వేలితో పోల్చండి. ఆ తర్వాత అంకెలు. ఒకరు పట్టికలోంచి పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫులో చూడాలి. 1964, 1965, 1966 వరుసగా వచ్చే పేరాను రెండుసార్లు చదివించండి.